కెమెరాకు ముక్కు లేదు

టీచరు పోయిందన్న కబురు మాకు ఫోన్లోనే వచ్చింది. రైతుల గ్రూపులో ఎవరో పొద్దున్నే ఆమె ఫొటో పెట్టి, కింద ఒక దీపం బొమ్మ పెట్టారు. దాని వెనకాలే దండాల బొమ్మలు వరసగా పడుతున్నాయి. రాత్రి నిద్రలోనే గుండె ఆగిపోయిందట. ఫోను మా ఆయనది. గూట్లో పెట్టి మరచిపోయి తోటకు వెళ్ళాడు. నేను గ్యాసు ఆపి, ఫోను పట్టుకుని తోటకు నడిచాను.

జామచెట్ల మధ్య గంప పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఫోను చేతికిచ్చాను. చూశాడు. గంప కింద పెట్టి, ఆ మట్టిలోనే కూర్చుని ఏడ్చాడు. కన్నతల్లి పోయినప్పుడు ఈ మనిషి కళ్ళు తడవలేదు. మా నాయన పోయినప్పుడు పాడె మోసి వచ్చి, నీళ్ళు పోసుకుని, ఆవుకు గడ్డి వేశాడు. అలాంటి మనిషి తువ్వాలు నోట్లో కుక్కుకుని ఏడుస్తుంటే నేను పక్కన నిలబడి చూశాను. నాకూ బాధే, కాదనను. కానీ బాధ కంటే ముందు వచ్చింది అసూయ. చచ్చిపోయిన మనిషి మీద కూడా అసూయపడే ఆడది ఉంటుందా అని ఎవరైనా అడిగితే, ఉంది, తిరుత్తణి పక్కన జామతోటలో ఉంది అని చెప్పండి.

ఆమె పేరు రాయను. మా ఆయన చదువుతాడన్న భయం ఏమీ లేదు. ఆయనకు తమిళం తప్ప తెలుగు చదవడం రాదు. సరిహద్దుకు అవతల, నగరిలో చదువుకున్నదాన్ని కాబట్టి నాకు ఈ నాలుగు ముక్కలైనా వచ్చు. పేరు రాస్తే ఆమె నా రాతలో కూడా వచ్చి పెద్దపీట వేసుకుని కూర్చుంటుందేమోనని నా అనుమానం. వచ్చిన చోటల్లా ఆమె చేసిన పని అదే.

తిరువళ్ళూరులో గుడి వెనక సందులో ఆమె ఇల్లు. వారానికోసారి కరెంటు రైలెక్కి తిరుత్తణికి వచ్చేది. రైతుల సంఘం వాళ్ళు పిలిపించారు. పండించినదాన్ని మండీకి తోలి, అక్కడ చెప్పిన ధరకు తలూపి రావడం కాకుండా, ఫోన్లోనే కొనేవాళ్ళను వెతుక్కోవడం నేర్పడం ఆమె పని. వాళ్ళది మగ్గాలవాళ్ళ కుటుంబం, మా లాగే తెలుగువాళ్ళు. ఆమె మేనమామకు తిరుత్తణిలో మూతపడిన మగ్గాల షెడ్డు ఒకటుంది. క్లాసులు అందులోనే. గోడల సందుల్లో ఇంకా దూది పింజలు ఉండేవి. చిన్నప్పుడు మగ్గాల చప్పుడులో పెరిగిందేమో, మామూలుగా మాట్లాడినా వీధి చివరికి వినబడేది. ఒక్క ఫోను ఎత్తి పట్టుకున్నప్పుడు మాత్రం ఆ గొంతు తగ్గిపోయి, పక్కింటి ఆడపడుచు గోడ మీంచి పలకరించినట్టు ఉండేది. ఆ తగ్గిన గొంతు మీదే నాకు ఒళ్ళుమంట.

అందగత్తె అయ్యుంటే నా పని సులువయ్యేది. ఊళ్ళో ఆడవాళ్ళందరూ నా పక్కకు వచ్చేవాళ్ళు. కానీ ఆమె పొట్టిగా, బొద్దుగా, నూనె రాసి బిగించి అల్లిన జడతో, ఎప్పుడూ గంజి పెట్టిన నేతచీరతో ఉండేది. చెప్పులు రెండూ ఒకే వైపు అరిగిపోయి ఉండేవి. పైగా మా ఆయనను 'అన్నా' అనేది, నన్ను 'వదినా' అనేది. అన్నా అని పిలిచే మనిషి మీద ఏమని గొడవ పెట్టుకునేది? మా చెల్లెలితో ఒకసారి చెప్పుకుంటే, "నీకు పొద్దు పోక లేనిపోనివన్నీ తోస్తాండాయి" అని కొట్టిపారేసింది.

ఎవరి ఫోను చేతికొచ్చినా ముందు కొంగుతో దాని కన్ను తుడిచేది ఆమె. నిన్న కొన్న ఫోనైనా సరే. నోటితో ఆవిరి ఊది, గుండ్రంగా తుడిచి, వెలుతురుకు ఎత్తి చూసేది. కొన్నాళ్ళకు మా ఆయన కూడా తువ్వాలుతో అచ్చం అలాగే ఊది, అలాగే తుడవడం మొదలుపెట్టాడు. నా మొగుడి చేతుల్లో ఇంకో మనిషి చేతులు కనబడితే నాకెలా ఉంటుంది? ఇంట్లో అద్దం మీద ఏడాది దుమ్ము ఉంది, దాన్ని తుడవమంటే మాత్రం వినబడేది కాదు.

'బాగుంది' అనే మాట ఆమె క్లాసులో నిషేధం. ఎవరైనా లేచి "మా వంకాయలు చానా బాగుంటాయి టీచరమ్మా" అంటే చెయ్యెత్తి ఆపేది. "తన పెరుగు పులుపని ఎవురు చెప్తారు? బాగుండాదని కొనేవాళ్ళు చెప్పల్ల. నువ్వు ఎట్లుండాదో చెప్పు" అనేది. ఆమె నోట అందరికంటే ఎక్కువసార్లు వినబడిన మాట ఇంకొకటి ఉంది. "అన్నా, కెమెరాకు కన్నుండాది, చెవుండాది. ముక్కు లేదు, నాలిక లేదు. ఆ రెండూ నువ్వే ఇయ్యల్ల." ఈ మాట అన్నప్పుడల్లా తన ముక్కు కొసను చూపుడువేలితో తట్టుకునేది. షెడ్డులో ముసలి రైతులు కూడా పిల్లల్లాగా తమ ముక్కులు తట్టుకునేవాళ్ళట.

ఇక మా ఆయన సంగతి. ఆయన నాకు మేనత్త కొడుకు. బావా అని పిలిచి పిలిచి పెళ్ళాడాను. మాటల కరువు మనిషి. 'ఊఁ', 'సరే', 'చూద్దాం' - ఈ మూడింటితో ఇన్నేళ్ళ సంసారం నడిపాడు. నోరు విప్పితే ముత్యాలు రాలిపోతాయా అని మొదట్లో పోట్లాడేదాన్ని. తర్వాత అలవాటు పడ్డాను. కొందరికి ఎత్తు తక్కువ, కొందరికి చూపు తక్కువ, ఈయనకు మాట తక్కువ అని సర్దిచెప్పుకున్నాను. అలా సర్దుకున్న సంసారంలోకి ఆమె ప్రశ్నలు పట్టుకుని వచ్చింది.

మొదటిసారి మా తోటకు వచ్చిన రోజు నాకు బాగా గుర్తు. చెట్టు దగ్గరికి పోయి, ఒక కాయను వేలితో చూపించి, "ఇదేందన్నా?" అని అడిగింది. తిరువళ్ళూరులో పుట్టి పెరిగిన మనిషి జామకాయను చూసి ఇదేమిటని అడుగుతోంది! నేనే పక్క నుంచి "జామకాయ" అన్నాను.

"వదినా, నేను అన్నను అడుగుతాండా" అంది. నవ్వుతూనే అంది. కాయలు కోసే కూలోళ్ళు విన్నారు.

"జామ" అన్నాడు మా ఆయన.

"ఏం జామ?"

"ఎర్రజామ."

"ఎర్రదంటావు, పచ్చగా ఉండాదే?"

"లోపల."

"లోపల ఎంత ఎరుపు?"

ఆయన ఆలోచించాడు. నేనైతే ఆ మాత్రం ఆలోచించే లోపల వంట ముగించుకుని వచ్చేదాన్ని. ఆమె మాత్రం తొందరపడకుండా, ఒక కాయ తుంచి, చీరకు తుడుచుకుని కొరికి, నములుతూ నిలబడింది. చివరకు ఆయన అన్నాడు: "తిరునాళ్ళలో చిన్నబిడ్డలు ఐసు తింటారు గదా. తిన్నాక నాలిక చాపి చూపిస్తారే, అట్లుంటాది."

నేను నోరు తెరిచి చూశాను. ఈ మాట ఈ మనిషిలో ఎక్కడుంది ఇన్నాళ్ళూ? కూలోళ్ళు నవ్వారు, ఆయన కూడా నవ్వాడు. ఆమె నడుము దగ్గర చేత్తో పట్టుకున్న ఫోను అదంతా రికార్డు చేసిందని తర్వాత తెలిసింది. తిప్పి వినిపిస్తే, "ఇది నా గొంతేనా?" అని మళ్ళీ మళ్ళీ పెట్టించుకుని విన్నాడు. చదివేది తమిళమే అయినా, తమిళంలో చెప్పమంటే తడబడతాడని, "నీకు నోరొచ్చే మాటలోనే చెప్పన్నా, కింద అరవంలో నేను రాస్తా" అంది. అలా మా ఆయన తెలుగు, ఆమె తమిళం, మా జామకాయలు కలిసి మద్రాసు దాకా వెళ్ళాయి. ప్రతి వారం ఫోను వెనక నుంచి ఆమె అడుగుతుంది, ఫోను ముందు ఈయన చెబుతాడు. మిగతా రోజుల్లో ఊరికే కాయల ఫొటో పెట్టి ఊరుకుంటాడు. నాకు మాత్రం అదే 'ఊఁ', అదే 'సరే'.

ఒకసారి నేనూ క్లాసుకు పోయాను. నేర్చుకోవడానికని చెప్పాను, పోయింది మాత్రం కాపలాకే. ఆ రోజు ఆమె ఒక ఆట పెట్టింది. కొనేవాళ్ళుగా ఒకరు వీపు తిప్పుకుని కూర్చోవాలి. అమ్మేవాళ్ళు వెనక నుంచి తమ సరుకు గురించి చెప్పాలి. నోరూరితేనే కొనేవాళ్ళు వెనక్కి తిరగాలి. ఊరికే ఎవరూ తిరగరు, ఫోన్లో చూసేవాళ్ళూ అంతే, వేలితో పైకి తోసేసి పోతారని చెప్పింది. ఒకాయన తన దోసకాయల గురించి ఎంత చెప్పినా ఎదుటివాడు తిరగలేదు. చివరకు 'కోసేటప్పుడు చేతికి చల్లగా తగులుతాది' అనగానే తిరిగాడు. అందరూ చప్పట్లు కొట్టారు.

మా ఆయన వంతు వచ్చింది. ఆమె నన్ను కుర్చీలో కూర్చోబెట్టింది. "వదినా, నువ్వు కొనేదానివి. నోరూరితేనే తిరుగు" అంది. తర్వాత మా ఆయనను అడగడం మొదలుపెట్టింది. చెట్టు మీద పండిన కాయకూ, గంపలో పండిన కాయకూ తేడా ఏంది? చిలక కొట్టిన కాయ తియ్యగా ఎందుకుంటాది? ఆయన చెబుతూ పోయాడు. వాన పడిన మర్నాడు తోటలోకి అడుగు పెడితే వాసన ముందుగా గొంతులోకి వస్తుందని, చిలక కాయను ఊరికే కొట్టదని, రెండు మూడు కాయల మీద వాలి, మార్చి మార్చి చూసి, కొసకు ఒకటి ఎంచుకుంటుందని చెప్పాడు. ఉప్పూకారం అద్దుకున్న దోరకాయ పంటి కింద విరిగే చప్పుడు గురించి చెప్పాడు. నా నోరు ఊరి, మింగడం కూడా కష్టమైంది. అయినా తిరగలేదు. మెడ బిగించుకుని గోడకేసి చూస్తూ కూర్చున్నాను. నేను తిరిగితే ఆమె ప్రశ్నలకు తిరిగినట్టు, ఆయన మాటకు తిరిగినట్టు కాదు. షెడ్డంతా నవ్వుతోంది.

"వదిన కొనదులే. ఇంట్లో ఊరకే దొరుకుతాది గదా" అంది ఆమె.

ఇంకా నవ్వారు. ఇంట్లో ఊరకే ఏమి దొరుకుతుందో నాకు తెలుసు. కాయలు దొరుకుతాయి.

బోణీ సంగతి జరిగింది దాని తర్వాతే. ఒకరోజు తెల్లవారి ఫోను తీస్తే మొట్టమొదట వచ్చి ఉన్న మెసేజి మద్రాసులో పెరంబూరు నుంచి. నాలుగు జామకాయలు కావాలని. బస్తా కాదు, గంప కాదు, నాలుగు కాయలు. ఎవరైనా నవ్వి ఊరుకుంటారు. కానీ మా ఇళ్ళల్లో బోణీ బేరం వెనక్కి పంపే ఆచారం లేదు. పొద్దున మొదట వచ్చినవాళ్ళు ఏమడిగినా ఇచ్చి పంపాలి, లేకపోతే ఆ రోజు వ్యాపారం మట్టి కొట్టుకుపోతుంది. మా మేనత్త తమలపాకులు అమ్మేటప్పుడు బోణీకి వచ్చిన పిచ్చివాడికి కూడా ఒక కట్ట ఇచ్చేది. ఆ పెంపకమే ఈయనది. ఫోన్లో వచ్చినా బోణీ బోణీయే అనుకున్నాడు. నాలుగు కాయలు ఏరి, కాగితంలో చుట్టి, సంచిలో వేసుకుని, "పోయొస్తా" అని రైలెక్కాడు.

మధ్యాహ్నానికి వచ్చాడు. "ఏమైంది బావా?" అని అడిగాను.

"ఇచ్చొచ్చినా" అన్నాడు. అంతే.

ఊరంతా నవ్వింది. నాలుగు కాయలకు పెరంబూరు పోయినోడని పేరు పెట్టారు. నాకు తల కొట్టేసినట్టయింది. ఆ వారం ఆమె వచ్చింది. ఎవరో చెప్పగా విన్నది. తోటలో నేను లేని సమయం చూసి... కాదు, అబద్ధం ఎందుకు, నేను ఆ రోజు రేషన్ అంగడికి పోయాను. ఆమె ఫోను తీసి వీడియో పెట్టింది. అది నేను చూసింది రెండు రోజుల తర్వాత, అదీ మా చెల్లెలు నగరి నుంచి ఫోను చేసి, "అక్కా, బావ చెప్పింది వింటే నాకు ఏడుపొచ్చేసె. నువ్వు ముందే వినుంటావులే" అంటే. "ఆఁ, విన్నా" అని పెట్టేసి, వెతుక్కుని చూశాను.

వీడియోలో ఆమె గొంతు: "బోణీ అయితే పోవాల్సిందే గదన్నా. తలుపు ఎవురు తీసిరి?"

"ఒక ముసలాయన. కోడలు మెసేజి పెట్టిందంట ఆయన కోసరం."

"ఏమన్నాడు?"

"ఏమీ అన్లా. కాగితం విప్పి వాసన చూసినాడు. ఆయనకు నోట్లో పండ్లు లేవు టీచరమ్మా. నేను దోరగా ఉండేవి ఏరి తీసుకపోయింటిని, దావలో మెత్తబడకూడదని. నాకు సిగ్గైపోయె. చెంచా ఇమ్మని అడిగి, వాళ్ళ వంటింట్లోనే కూర్చోని, గీరి గీరి గుజ్జు తీసిస్తిని. ఆయన వయసులో ఉన్నప్పుడు మన తిరుత్తణి స్టేషన్లో పని చేసినాడంట. ఎండాకాలంలో ప్లాటుఫారం మీద గంపల్లోంచి ఇదే వాసన వస్తా ఉన్నె అన్నాడు. పోతా ఉంటే నా చెయ్యి పట్టుకోని ముక్కు కాడ పెట్టుకున్నాడు."

వీడియో అక్కడ అయిపోయింది. కింద ఎవరెవరో ఏడుపు బొమ్మలు పెట్టారు, నంబరు అడిగారు. ఆ తర్వాత మా తోట కాయలు చాలవనేంతగా అడిగారు. అదంతా మంచే. కానీ నా మొగుడు ఎవరింటి వంటింట్లోనో కూర్చుని, పళ్ళులేని ముసలాయనకు చెంచాతో గుజ్జు గీరి పెట్టిన సంగతి నేను ఊళ్ళో వాళ్ళతోపాటు, ముక్కూ మొహం తెలియని వాళ్ళతోపాటు ఫోన్లో చూసి తెలుసుకున్నాను. సాయంత్రం అడిగాను. "ఏమైందని అడిగితే నాకెందుకు చెప్పలేదు?"

"చెప్తిని గదా, ఇచ్చొచ్చినానని" అన్నాడు. నిజంగానే ఆశ్చర్యపోయి అన్నాడు. అన్నం కలుపుకుంటున్న ఆ మనిషి మీద చెంబు విసిరేయాలనిపించింది.

ఆమె మా ఇంట్లో ఒకసారి భోంచేసింది. పచ్చిజామ పచ్చడి చేశాను. కావాలనే కారం ఎక్కువ వేశాను, కాస్త కళ్ళనీళ్ళు పెట్టుకుంటే చూద్దామని. ఆమె ముక్కు ఎగబీల్చుకుంటూ మళ్ళీ మళ్ళీ వేయించుకుంది. తర్వాత, గొంతు తగ్గించి, "వదినా, ఇదెట్ల చేస్తివి?" అంది.

"దోరకాయ తీసుకోవల్ల. గింజ తీసెయ్యల్ల. మా అమ్మైతే కుంపట్లో కాల్చేది, అప్పుడు మా ఇంట్లో..." అని మొదలుపెట్టాను. మా అమ్మ కుంపటి, నగరి ఇల్లు, వాకిట్లో రోలు, ఒకదాని వెనక ఒకటి నోటి చివరకు వచ్చేశాయి. ఆమె చెయ్యి అన్నంలో ఆగిపోయింది. నా మొహంలోకి చూస్తోంది. అలా చూస్తే ఎవరైనా చెబుతారు. ఇన్నాళ్ళూ నా మొగుడిని ఎలా దోచిందో అలాగే నన్నూ దోచుకుంటోందని తెలిసి, చప్పున నోరు మూశాను. "అంతే, ఉప్పు చూసి దించడమే" అన్నాను. "అప్పుడు మీ ఇంట్లో?" అని ఆమె ఇంకొకసారి అడిగింది. నేను మజ్జిగ తేవడానికి లేచిపోయాను. చెప్పి ఉంటే బాగుండేదని అప్పుడే అనిపించింది. అందుకే మరీ కోపం వచ్చింది.

ఆమె పోయిన రోజు మేమిద్దరం తిరువళ్ళూరుకు రైల్లో పోయాం. ఆ సందు నిండా రైతులే. గుమ్మిడిపూండి వైపు నుంచి ఆకుకూరల వాళ్ళు, పులికాట్ ఒడ్డున పళవేర్కాడు నుంచి రొయ్యలవాళ్ళు, మల్లెపూలవాళ్ళు. ఇంత మంది ఉన్నారని నాకు తెలియదు. వారంలో ఒకరోజే మాది, మిగతా రోజులు ఊరికొకటని ఎవరో అన్నారు. అంటే అంతమంది తోటల్లోనూ కాలవల దగ్గరా ఇదే గొంతుతో 'ఇదేందన్నా?' అని అడిగిందన్నమాట. ముందు నాకు ఊరట కలిగింది. వెనకనే మా ఆయన తరఫున రోషం వచ్చింది. ఇంతా చేసి మావాడు ఆమెకు గుంపులో గోవిందయ్యేనా?

నా పక్కన ఒకామె కూర్చుంది, పళవేర్కాడు రొయ్యలాయన భార్య. కళ్ళు తుడుచుకుంటూనే నాతో గొణిగింది. "మా ఇంటాయన నీళ్ళ గురించి నాకొక మాట చెప్పింది లేదక్కా. ఈయమ్మకు చెప్పినాడు, రొయ్య పగలంతా యాడ దాక్కుంటాదో. లోకానికంతా తెలిసినాక నాకు తెలిసె."

"నీకు కోపం రాలేదా?" అన్నాను.

"ఎందుకు రాదు? ఈయమ్మ ఇంటికొస్తే ముల్లుండే చేప చూసి పెడితిని" అంది. ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకోలేదు. నవ్వొస్తుందని భయం.

లోపల ఆమె తల్లి మంచం మీద కూర్చుని, వచ్చినవాళ్ళందరినీ "నువ్వు ఏం పండిస్తావు నాయనా?" అని అడుగుతోంది. తిరిగొచ్చేటప్పుడు రైల్లో మా ఆయనను అడిగాను, "ఆయమ్మకు తోడబుట్టినోళ్ళు ఉండారా? పెండ్లి అయిందా?"

"తెలీదు" అన్నాడు.

"ఇన్నాళ్ళు మాట్లాడితివి గదా!"

"ఆయమ్మే అడుగుతా ఉన్నె. నేను అడగలా" అన్నాడు. కిటికీలోంచి బయటికి చూస్తూ మళ్ళీ తువ్వాలు తీశాడు.

తర్వాత వీడియోలు ఆగిపోయాయి. ఫోనుకు మెసేజిలు వస్తున్నాయి, అన్న కనబడలేదే, తోట ఎలా ఉంది, కొత్త కాయ ఎప్పుడు అని. నెమ్మదిగా అవీ తగ్గడం మొదలైంది. కాయలు మళ్ళీ మండీకి తోలడం మొదలైంది. అది ఒక నష్టం. నన్ను తినేసింది మాత్రం ఇంకొకటి. ఇంట్లో ఇప్పుడు 'ఊఁ' కూడా లేదు. ఆమె బతికి ఉన్నప్పుడు, ఎవరికోసమైనా కానీ, ఆ గొంతు తోటలో వినబడేది. నేను పంపుషెడ్డు వెనక నిలబడి వినేదాన్ని. ఇప్పుడు వినడానికి దొంగతనంగా కూడా ఏమీ లేదు. ఆమె పోతూ పోతూ నా మొగుడి మాటలు తనతో కట్టుకుపోయింది.

మొన్న పొద్దున పంపుషెడ్డు దగ్గరికి పోతే, ఆయన చెట్టు పంగలో ఫోను నిలబెట్టి దాని ముందు నిలబడి ఉన్నాడు. చేతిలో కాయ ఉంది. ఫోను కన్ను తుడిచాడు. వెనక్కి వచ్చి నిలబడ్డాడు. "వణక్కం" అన్నాడు. ఆ తర్వాత పెదవులు కదిలాయి, మాట రాలేదు. ఫోను దగ్గరికి పోయి ఆపాడు. మళ్ళీ పెట్టాడు. మళ్ళీ వణక్కం అన్నాడు. కాయను ఈ చేతి నుంచి ఆ చేతికి మార్చుకుని, పోయి మళ్ళీ ఆపేసి వచ్చాడు. అడిగేవాళ్ళు లేక, బడిలో పాఠం మరచిపోయిన పిల్లాడిలా నిలబడిపోయాడు.

నేను చూడలేకపోయాను. పోయి చెట్టు పంగలోంచి ఫోను తీసుకుని, ఆమె పట్టుకున్నట్టే ఎత్తి పట్టుకున్నాను. "ఇదేంది?" అన్నాను. మెత్తగా అడుగుదామనుకున్నాను. గొంతు మాత్రం పోట్లాటకు వచ్చినట్టు వచ్చింది.

ఆయన నన్ను వింతగా చూశాడు. "జామకాయ. నీకు తెలీదా?"

"ఆయమ్మకు మాత్రం తెలీదా?" అన్నాను. ఇక ఆగలేదు. "ఆయమ్మకైతే ఐసని, నాలికని, చిలకని అన్నీ చెప్తివి గదా. పెరంబూరు ముసలాయన సంగతి ఊరంతా విన్నాక నేను వింటిని. నాకెందుకు చెప్పవు బావా? ఇన్నేండ్లలో నన్ను కూర్చోబెట్టి ఒక్క మాట చెప్తివా? నేనేం పాపం చేస్తిని?"

కూలోళ్ళు ఇంకా రాలేదు. తోటలో మేమిద్దరమే. ఆయన కాయ చివరనున్న ఎండిన పూరేకును గోటితో గిల్లాడు.

"ఆయమ్మ తెలీదని అడిగె, చెప్తిని" అన్నాడు. "నీకేం చెప్పేది? నీకన్నీ తెలుసు గదమ్మే. అంబాడేనాటి నుంచి నన్ను చూస్తా ఉండావు. నాలో నీకు తెలీంది ఏముండాది?"

ఆయన నాతో అన్న మాటల్లో ఇంత పొడుగు మాట ఇంకొకటి లేదు. ఇన్నేళ్ళూ ఆయన మౌనంలో నేను లేననుకున్నాను. ఆయనేమో అందులో నేను నిండా ఉన్నాననుకుంటున్నాడు. ఏడవాలో, ఆ గంప ఎత్తి ఆయన నెత్తిన కుమ్మరించాలో తెలియలేదు.

"నాకేమీ తెలీదు బావా" అన్నాను. "ఒక్కటి గూడా తెలీదు. మొదట్నించీ చెప్పు."

ఆయన ఫోను వైపు చూశాడు. "తీస్తాండావా?" అన్నాడు.

"ఆఁ, తీస్తాండా. చెప్పు."

గొంతు సవరించుకున్నాడు. భుజం మీద తువ్వాలు సర్దుకున్నాడు. "ఈ తోట మా నాయన కొన్నప్పుడు నాకు చానా భయం" అని మొదలుపెట్టాడు. "ఎవురికీ చెప్పలా. నీళ్ళు పడవేమో, పడకపోతే నీకు అన్నం యాడ్నించి పెట్టేదా అని..."

పెళ్ళికి ముందు సంగతి అది. అప్పటికే నా అన్నం గురించి ఆలోచించాడని నాకు ఎవరూ చెప్పలేదు. నేను ఫోను మొహానికి అడ్డంగా పెట్టుకుని, చెయ్యి నొప్పి పుట్టేదాకా కదలకుండా నిలబడి విన్నాను. రికార్డు బొత్తాం మాత్రం నొక్కలేదు. ఇవి కొనేవాళ్ళ కోసం కాదు.